ఏడు వేల రూపాయల్లో ఇంట్లోనే బేస్ గిటార్ రికార్డింగ్: ముందు ఏది కొనాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. మీరు కర్నూలు బి క్యాంపులో ఉంటున్నారు. ఆదివారాలు చర్చిలో నాలుగు తీగల బేస్ వాయిస్తారు. గిటార్ సెకండ్ హ్యాండ్‌ది, లోపల బ్యాటరీ లేని రకం. చిన్న కన్వర్టర్ పిన్ తగిలించి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి గుచ్చి రికార్డు చేస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తోంది. పైగా నోటు పట్టి ఉంచితే రెండు క్షణాల్లో తనంతట తానే ఆరిపోతోంది. చేతిలో ఏడు వేలున్నాయి. ఒక ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె), దాని ముందు పెట్టడానికి ఒక మైకు కొనమని ఎవరో చెప్పారు. కొనాలా వద్దా?

కొనవద్దు. ఆంప్ వద్దు, మైకూ వద్దు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె) ఒకటి, మంచి కేబుల్ ఒకటి కొనండి. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్ మీ దగ్గర ఎలాగూ ఉండి ఉంటాయి. గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టి వాయించండి. ఏడు వేలలో ఇంకా మిగులుతుంది, ఆ మిగిలింది తీగల మీద పెట్టండి. మీరు "అన్నా" అని అడిగారు కాబట్టి ఆ చనువుతోనే చెబుతున్నాను: ఇంట్లో రికార్డు చేయడానికి బేస్ కంటే సులువైన వాయిద్యం లేదు. గాయకుడికి నిశ్శబ్దమైన గది కావాలి, తబలాకు మంచి మైకు కావాలి. బేస్‌కు గదీ అక్కరలేదు, మైకూ అక్కరలేదు. పక్క వీధిలో మైకు సెట్టు మోగుతున్నా మీ టేక్ (ఒక విడత రికార్డింగ్) శుభ్రంగానే ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే బేస్ వాయిస్తున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాలు, భజన బృందాలు, క్రైస్తవ సభలు, అన్నీ. కొండారెడ్డి బురుజుకు కాస్త అవతల మా ఇంటి మేడ మీద పది అడుగుల గది ఒకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల గాయకులు పాటలు చేయించుకోవడానికి వస్తుంటారు. కింద రాసేదంతా ఆ గదిలో దెబ్బలు తిని నేర్చుకున్నదే.

ముందు మీ రేకు డబ్బా సంగతి. గిటార్ తీగల కింద ఉండే పికప్ అంటే వెంట్రుక కంటే సన్నని రాగి తీగను అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన చుట్ట. అందులో పుట్టే సంకేతం చాలా బలహీనం. మేడ మీది ట్యాంకు నుంచి సన్నని పైపు ఒకటి దిగిందనుకోండి. ఒక్క కుళాయి తిప్పితే ధార బాగానే పడుతుంది, నాలుగూ ఒకేసారి తిప్పితే చుక్కలు రాలుతాయి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రం ఆ నాలుగు కుళాయిల లాంటిది. దాని ఇంపిడెన్స్, అంటే సంకేతానికి అది చూపే అడ్డు, కొన్ని వేల ఓములే. గిటార్‌కు కావలసింది 10 లక్షల ఓములు, అంటే 1 మెగా ఓమ్ చుట్టుపక్కల. ఇంటర్‌ఫేస్ మీద "ఇన్‌స్ట్రుమెంట్" అనో "హై-జెడ్" అనో గిటార్ బొమ్మతోనో ఉండే ఇన్‌పుట్ అదే. మీరు డబ్బు పెడుతున్నది ఆ ఒక్క రంధ్రానికే అనుకోండి, మిగతా హంగులన్నీ అదనం.

ఇక నోటు ఆరిపోవడం. అది గిటార్ లోపం కాదు, చేతి లోపమూ కాదు. ల్యాప్‌టాప్ మైకు వెనక మాటలను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి పనిచేస్తూ ఉంటుంది. కదలకుండా ఒకే స్థాయిలో సాగే శబ్దం వినిపిస్తే అది ఫ్యాను రొద అనుకుని అణిచేస్తుంది. పట్టి ఉంచిన బేస్ నోటు దానికి అచ్చం ఫ్యానులాగే వినిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ వచ్చేలోపు సౌండ్ సెట్టింగ్స్‌లో మైకు దగ్గర ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేసి చూడండి. నోటు నిలుస్తుంది. శబ్దం మాత్రం పీలగానే ఉంటుంది.

ఏ ఇంటర్‌ఫేస్ అంటే, మీ బడ్జెట్‌లో బెహ్రింగర్ యూఎం2 లాంటిది సరిపోతుంది. అది 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. దాన్ని చూసి "24 బిట్ లేదే" అని చిన్నబుచ్చుకోనక్కర లేదు. 16 బిట్ అంటే సిద్ధాంతం ప్రకారం 96 డెసిబెల్‌ల పరిధి. మన ఇళ్లలోని కరెంటు రొద అంతకంటే ఎంతో ముందే అడ్డం వస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో ఇంకా బాగుంటుంది, కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది, పాత తరానిది ఎవరైనా అమ్ముతుంటే చూడండి. పాతది కొనేటప్పుడు మీ గిటార్, మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి గెయిన్ నాబ్ (సంకేతం బలం పెంచేది) నెమ్మదిగా తిప్పి కరకరలు వినిపిస్తున్నాయేమో వినండి, యూఎస్‌బీ పిన్‌ను కొద్దిగా కదిపి కనెక్షన్ తెగుతోందేమో చూడండి. ఒక చివర గిటార్ జాక్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న కేబుళ్లు ఇంకా చౌకగా వస్తాయి. ఏడు వేలుండగా వాటి జోలికి వెళ్లవద్దు. వెయ్యి రూపాయలే ఉన్నవాడికి మాత్రం మైకు రంధ్రం కంటే అవే నయం.

చప్పట్లు, నవ్వుల బటన్లున్న "లైవ్ సౌండ్ కార్డు" కొనవద్దు. ఫోనులో కరోకే పాడేవాళ్ల కోసం చేసిన వస్తువది. మా దగ్గరికి ఒక కుర్రవాడు అదే తెచ్చాడు. బేస్ వాయిస్తే ఎకో ఆగదు, బటన్ ఎక్కడుందో వెతికేలోపు చప్పట్లు మోగాయి. అలాగే ఎర్ర, తెల్ల పిన్నులు మాత్రమే ఉన్న లైన్ ఇన్‌పుట్ డబ్బాలు టేపు రికార్డర్‌కో మిక్సర్‌కో పనికొస్తాయి, నేరుగా గిటార్‌కు పనికిరావు.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పను. మన ఎలక్ట్రానిక్స్ షాపుల్లో గిటార్ జాక్‌ను పి38 అంటారు. తయారుగా ఉన్నది కొన్నా సరే, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి లోహపు పి38 జాక్‌లు రెండు, షీల్డు ఉన్న మైకు వైరు మూడు మీటర్లు తెచ్చుకుని టంకం పెట్టుకున్నా సరే. స్పీకర్ వైరుతో మాత్రం చేయవద్దు. దానికి షీల్డు ఉండదు, ఊళ్లోని రొదంతా అందులోకి వస్తుంది. ఇంకొకటి, ఆంప్ వెనక స్పీకర్‌కు వెళ్లే అవుట్‌పుట్‌ను ఎప్పుడూ ఇంటర్‌ఫేస్‌లో పెట్టవద్దు. ఇంటర్‌ఫేస్ కాలిపోతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి: హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొద.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం జరిగింది చెబుతాను. కర్నూలు ఎండలు మీకు చెప్పాలా, 42 డిగ్రీలు దాటితే మేడ మీది గది పెనంలా ఉంటుంది, ఫ్యాను ఆపే ప్రశ్నే లేదు. మైకు లేదు కదా, ఫ్యాను తిరిగితే ఏమవుతుందిలే అనుకున్నాను. వాయించకుండా చేతులు ముడుచుకు కూర్చున్నాను, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ట్యూనర్ మాత్రం "జి" అని చూపిస్తోంది, ముల్లు కుడివైపు వాలి నిలబడిపోయింది. గిటార్‌ను ఎవరూ ముట్టలేదు. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో లావుపాటి ఇ తీగ మీద మూడో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. ట్యూనర్ చూపిస్తున్నది నా గిటార్‌ను కాదు, కరెంటును!

ఇది తమాషా మాత్రమే కాదు. హమ్ వచ్చింది కదా, తరవాత ఈక్వలైజర్‌లో 50 దగ్గర కోసేద్దాం అనుకుంటే, దాంతోపాటు మీ మూడో ఫ్రెట్ జి కూడా పోతుంది. 100 దగ్గర కోస్తే ఖాళీ (ఫ్రెట్ నొక్కని) జి తీగ 98 హెర్ట్జ్, అదీ బక్కచిక్కుతుంది. కోయకుండా వదిలేస్తే ఆ నోటు పట్టినప్పుడల్లా రెండూ కలిసి అల్లల్లాడుతూ వినిపిస్తుంది. బేస్‌లోంచి హమ్‌ను తరవాత తీయలేము, రాకుండా చూసుకోవడమే మార్గం.

ఆ రోజు దోషి ఫ్యాను కాదు, దాని రెగ్యులేటర్. నున్నగా తిరిగే డిమ్మర్ రకం రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది. ఆ కోతల గరగర గాల్లోంచి పికప్ చుట్టలోకి దూరుతుంది. రెగ్యులేటర్‌ను చివరిదాకా తిప్పి ఫ్యాను పూర్తి వేగంతో పెట్టగానే గరగర దాదాపు పోయింది. తరవాత టక్ టక్‌మని మెట్లు మెట్లుగా తిరిగే రకం బిగించుకున్నాను, అందులో కెపాసిటర్లు ఉంటాయి, అవి తరంగాన్ని కోయవు. ఇప్పుడు మూడు మీద పెట్టుకుని హాయిగా వాయిస్తున్నాను.

మీ ఇంట్లో ఇలా వెతకండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. రొద తగ్గితే దోషం ఛార్జర్ దారిలో ఉంది, రికార్డు చేసే పావుగంట బ్యాటరీ మీదే కానివ్వండి. తగ్గకపోతే గిటార్ పట్టుకుని కుర్చీలో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున రొద పెరిగి ఇంకో దిక్కున తగ్గుతుంది, తగ్గిన దిక్కున కూర్చోండి. తీగల మీద చెయ్యి పెడితే రొద తగ్గడం మామూలే. చెయ్యి పెడితే పెరుగుతోందంటే గిటార్ లోపల బ్రిడ్జి కిందికి వెళ్లే సన్నని ఎర్త్ వైరు తెగి ఉండవచ్చు, టంకం పెట్టించండి, పది నిమిషాల పని. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డు చేయవద్దు, ముఖ్యంగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే తేనెతుట్టెను గదిలో పెట్టుకున్నట్టే. మీ గిటార్‌కు పక్కపక్కనే రెండు ముక్కలుగా ఉన్న పికప్ ఉంటే అదృష్టవంతులు, ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌కు 1957 నుంచి ఉన్న ఆ పద్ధతి హమ్‌ను తనలో తానే కొట్టేసుకుంటుంది. జాజ్ బేస్ తరహాలో రెండు సన్నని పికప్‌లుంటే రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచి ఉంచండి, ఒకటి తగ్గిస్తే హమ్ మొదలవుతుంది.

ఛార్జర్ మూడో పిన్ను విరగ్గొట్టడం అనే నాటు వైద్యం ఒకటి మన ఆర్కెస్ట్రాల్లో తిరుగుతూ ఉంటుంది. హమ్ పోతుంది, నిజమే. ఏదో ఒక రోజు తీగల్లోకి కరెంటు వస్తే మనిషి కూడా పోతాడు. చేయవద్దు.

సాఫ్ట్‌వేర్‌కు రీపర్ వాడండి. 60 రోజులు ఉచితంగా చూడవచ్చు, తరవాత వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పైసా పెట్టలేమంటే ఆడాసిటీ ఉంది, కానీ మామూలుగా దిగే ఆడాసిటీలో ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) పనిచేయదు, వాయించింది ఆలస్యంగా వినిపిస్తుంది. రీపర్‌లో ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఎంచుకుని బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసే శాంపిల్‌ల సంఖ్య) 256 పెట్టండి. 48,000 శాంపిల్ రేటు దగ్గర అది సుమారు 5 మిల్లీసెకన్లు. 1024 పెడితే 21 దాటుతుంది, డ్రమ్ముకు మీరు వెనకపడుతున్నట్టు అనిపించి చెయ్యి తడబడుతుంది. పాత ల్యాప్‌టాప్ 256 దగ్గర చిటపటలాడితే బఫర్ పెంచేసి, ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి వినండి. అప్పుడు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా చెవికి వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా ఈ పనికి పనికిరావు, వాటి ఆలస్యం ఏ సెట్టింగుకూ లొంగదు.

లెవెల్ విషయంలో మన వాళ్లంతా చేసే తప్పు, మీటరు ఎర్రగీత తాకితేనే రికార్డింగ్ "గట్టిగా" వచ్చిందనుకోవడం. డిజిటల్‌లో సున్నా దాటితే పగలడమే. పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయించి, అత్యధిక మోత మైనస్ 10 డెసిబెల్‌ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి. టేక్ మొదలయ్యాక అందరూ సౌండ్ చెక్‌లో కంటే గట్టిగానే వాయిస్తారు, కాబట్టి ఆ చోటు వదలాలి. గిటార్ మీద వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా తెరవండి. పదును తరవాత తగ్గించుకోవచ్చు, రికార్డులో లేని పదును తెచ్చిపెట్టలేము.

ఇక్కడి నుంచి యంత్రాల మాట వదిలి తీగల మాట. నా దగ్గరికి వచ్చే పది మందిలో ఎనిమిది మంది బేస్ శబ్దం బాగా లేకపోవడానికి కారణం ఇంటర్‌ఫేస్ కాదు, మూడేళ్లుగా మార్చని తీగలు. చెమట, దుమ్ము తీగ చుట్ల మధ్య పేరుకుని తీగ మూగబోతుంది. కొత్త సెట్టుకు డబ్బు చాలకపోతే పాత చిట్కా ఒకటి ఉంది: తీగలు విప్పి, చుట్టగా చుట్టి, పాత గిన్నెలో పది నిమిషాలు మరగబెట్టండి. నీళ్లు పల్చటి టీ రంగుకు తిరుగుతాయి, పైన జిడ్డు తేలుతుంది. అదంతా మీ వేళ్లదే. తీసి, బట్టతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. కొన్ని వారాల పాటు మళ్లీ గలగలమంటాయి. ఒకటి రెండుసార్లే పనిచేస్తుంది, విప్పి బిగించిన కొద్దీ కొస దగ్గర తెగిపోతాయి. గిన్నె విషయంలో ఇంట్లో అమ్మకు ముందే చెప్పండి, నేను చెప్పకుండా చేసి మాట పడ్డాను.

తరవాత శ్రుతి. ప్రతి టేక్‌కూ ముందు ట్యూన్ చేయాలి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరమూ అక్కడే తాకీ తాకకుండా మీటిన హార్మోనిక్కూ ఒకటే చూపించాలి. తేడా ఉంటే బ్రిడ్జి మీది స్క్రూలు తిప్పి సరిచేసుకోండి. ఆంప్‌లో మోత వెనక దాక్కునే తప్పులన్నీ నేరుగా రికార్డు చేస్తే బయటపడతాయి: ఫ్రెట్ గరగర, ఉంగరం తగిలిన చప్పుడు, వాయించని తీగలు తమకు తామే మోగడం. మీ బొటనవేలు లావు తీగ మీద ఆనించి ఉంచే అలవాటు చేసుకోండి. నెమ్మదైన ఆరాధన పాటలకు నేను బ్రిడ్జి దగ్గర తీగల కింద గిన్నెలు తోమే కొత్త స్పాంజి ముక్క దూరుస్తాను. నోటు "దుమ్" అని పుట్టి గుండ్రంగా ఆగిపోతుంది. ఒక సీనియర్ వాయిద్యకారుడు నా ట్రాక్ విని ఏ గిటార్ వాడావని రెండుసార్లు అడిగాడు. గిటార్ పాతదే, స్పాంజి పది రూపాయలు.

"ఆంప్ ముందు మైకు పెడితేనే అసలైన టోన్" అని మీకు చెప్పినవారి మాట పూర్తిగా తప్పని అనను. పెద్ద స్టూడియోలో అది నిజం. మన గదుల్లో కాదు. ఖాళీ ఇ తీగ 41 హెర్ట్జ్, దాని ఒక తరంగం పొడవు ఇరవై ఏడు అడుగులు. నా పది అడుగుల గదిలో అది ఇమడదు. అదే గదిలో 56 హెర్ట్జ్ దగ్గర గోడకూ గోడకూ మధ్య ప్రతిధ్వని నిలబడుతుంది, ఖాళీ ఎ తీగ 55. ఒకప్పుడు నేనూ మైకు పెట్టి చూశాను. ఎ స్వరం వచ్చినప్పుడల్లా కిటికీ తలుపు అదిరేది, పక్క స్వరాలు గాలిలో కలిసిపోయేవి. నేరుగా తీసుకోవడం పేదవాడి పద్ధతి అనుకోకండి. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో పేరున్న బేస్ వాయిద్యకారుడు జేమ్స్ జేమర్సన్ బేస్‌ను నేరుగానే రికార్డు చేసేవారు.

మిక్సింగ్ గురించి ఇక్కడ కొంచెమే. 30 హెర్ట్జ్ కింద కోసేయండి, అక్కడ ఉన్నదంతా వేళ్ల కుదుపులే. కంప్రెసర్ (గట్టి నోట్లను అణిచి, మెత్తని నోట్లతో తేడా తగ్గించేది) 4:1, అటాక్ (అది అణచడం మొదలుపెట్టడానికి తీసుకునే సమయం) 20 నుంచి 30 మిల్లీసెకన్లు, గట్టి నోట్లలో 4, 5 డెసిబెల్‌లు తగ్గితే చాలు. బురదగా అనిపిస్తే 250 హెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించండి. మన పాటలు వినేది ఎక్కువగా ఫోనులో. ఫోను స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలకనే పలకదు. 82, 123 లాంటి పై స్వరాలు కొంతైనా వినిపిస్తే కింది స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. అందుకని ట్రాక్‌ను ఇంకొకటి కాపీ చేసి, దాని మీద టీఎస్ఈ బీఓడీ లాంటి ఉచిత ప్లగిన్‌తో కొంచెం గరుకుతనం తెచ్చి, అసలు ట్రాక్ కింద వినీ వినిపించనట్టు కలపండి. ఫోనులో బేస్ ఒక్కసారిగా కనిపించినట్టు ఉంటుంది. ఈ రెండో ట్రాక్ ఉంటే ఆంప్ లేని లోటు కూడా తెలియదు.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపలే అన్ని రంధ్రాలూ పరీక్షించండి. ఇంటర్‌ఫేస్ వచ్చాక ఛార్జర్ పీకి, ఫ్యాను మామూలుగా తిరుగుతుండగా, ఏమీ వాయించకుండా పది సెకన్లు, తరవాత నాలుగు ఖాళీ తీగలూ ఒక్కొక్కటి ఐదు సెకన్లు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. రెగ్యులేటర్ ఏ రకమో కూడా రాయండి. విని, రొద ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాను.